కళ్లు తెరిచి నిద్రపోయిన సిస్టర్

మా వార్డు సిస్టర్ పోయిన ఆదివారం నిద్రలోనే వెళ్లిపోయింది. గురుగ్రామ్ నుంచి వాళ్లబ్బాయి ఫోన్ చేసి, "ఆంటీ, మమ్మీ సోతే సోతే చలీ గయీ" అన్నాడు. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్లాడు. తెలుగు బాగానే అర్థమవుతుంది కానీ దుఃఖం మాత్రం హిందీలోనే వస్తుంది. ఫోన్ పెట్టేశాక నా నోట ముందు వచ్చిన మాట "హమ్మయ్య". ఇది చదివి నన్ను రాతిగుండె మనిషి అనుకోకండి. జీవితమంతా ఆసుపత్రుల్లో పనిచేసినదాన్ని, చావుల్లో ఎన్ని రకాలుంటాయో చూసినదాన్ని. ముక్కులో గొట్టం లేకుండా, ఎవరి చేతా ఎత్తించుకోకుండా, తన మంచం మీద తన దుప్పటి కప్పుకుని పోవడం ఎంత పెద్ద అదృష్టమో మాకు తెలుసు. సిస్టరే అంటుండేది: "రాత్రి పడుకుని పొద్దున లేవకపోతే అది దేవుడిచ్చే ప్రమోషన్. దానికి సర్వీసు ఉండాలి." ఆవిడకి కావలసినంత సర్వీసు ఉంది. ఏడుపు తర్వాత వచ్చింది, వంటింట్లో, టీ గిన్నె కడుగుతుంటే.

డెబ్బైల చివర్లో నేను తెనాలి దగ్గరి పల్లె నుంచి ఢిల్లీ వచ్చి ఒక పెద్ద ఆసుపత్రిలో చేరాను. హిందీలో అచ్ఛా, ఠీక్ హై తప్ప ముక్క రాదు. సిస్టర్‌ది భీమవరం వైపు. నాకన్నా పదేళ్లు పెద్ద. హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. గదిలో "అక్కా" అనాలి, వార్డులో "సిస్టర్" అనాలి. పొరపాటున వార్డులో అక్కా అంటే పలికేది కాదు. గదిలో సిస్టర్ అంటే, "ఇంకా డ్యూటీ దిగలేదా నేను?" అని విసుక్కునేది. ఎంత గట్టి మనిషంటే, దుప్పటి మూల సరిగ్గా మడవలేదని పేషెంటును కుర్చీలో కూర్చోబెట్టి పక్కంతా మళ్లీ వేయించేది. ఆ పేషెంట్లే డిశ్చార్జి రోజున ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేవాళ్లు.

మా పనిలో ఛార్జ్ ఇవ్వడం అని ఒకటుంది. షిఫ్టు మారేటప్పుడు దిగిపోయే నర్సు మందుల బీరువా తాళంచెవి డ్యూటీ ఎక్కేవాళ్ల చేతిలో పెట్టి, ఏ మంచం మీద ఎవరెలా ఉన్నారో చెబుతుంది. ఎక్కేవాళ్లు "తీసుకున్నాను" అని పైకి అనాలి. అనేదాకా ఇచ్చినవాళ్లు కాలు కదపకూడదు. అందరు నర్సులూ చేసేదే. సిస్టర్ మాత్రం దీన్ని గదిలోకి కూడా తెచ్చింది. పొయ్యి మీద పాలుంటే ఛార్జ్ ఇచ్చి స్నానానికి వెళ్లేది. నేను "తీసుకున్నాను" అనకపోతే బాత్‌రూమ్ గుమ్మంలోనే నిలబడేది.

ఆ రోజుల్లో ఢిల్లీ స్టేషన్ ఎదుటి పహాడ్‌గంజ్ నిండా వీపున సంచులేసుకుని తిరిగే తెల్లవాళ్లు ఉండేవాళ్లు. వాళ్లను చూసినప్పుడల్లా సిస్టర్‌కి ఒళ్లు మండేది. "వీళ్లు వేల మైళ్లు దాటి మన దేశం చూస్తున్నారు. మనం పక్కనున్న నేపాల్ కూడా చూడలేమా? దానికి పాస్‌పోర్టు కూడా అక్కర్లేదటగా" అనేది. మంచుకొండ చూడాలని ఆవిడకి కోరిక. చివరికి తెల్లవాళ్లు వదిలేసిపోయిన సంచులు అమ్మే దుకాణంలో రెండు సంచులు కొని, మరిగే నీళ్లలో ఉడకబెట్టింది. మా నాన్న నన్ను చూడ్డానికి ఢిల్లీ వచ్చినప్పుడు ఆయన్ని కూర్చోబెట్టి ఒప్పించింది. పెళ్లికాని పిల్లని పరాయి దేశం పంపడమేమిటని ఆయన చాలాసేపు నీళ్లు నమిలాడు. "మీరున్నారు కాబట్టి సరేనమ్మా" అన్నాడు ఆఖరికి. వెంట్రుక కూడా తగ్గకుండా తెచ్చి అప్పజెబుతానని సిస్టర్ మాటిచ్చింది. సెలవు దొరకడానికి ముందు వరసగా నైట్ డ్యూటీలు చేసింది. రైలెక్కేటప్పటికే ఆవిడ కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

ప్రయాణం మొదటినుంచీ తిన్నగా లేదు. ఇద్దరం చీరల మీదే సంచులు తగిలించుకున్నాం. సునౌలీ సరిహద్దు దగ్గర తనిఖీ కోసం సిస్టర్ సంచి దించితే పట్టీతో పాటు కొంగు కూడా జారిపోయింది. పోలీసాయన పెద్దమనిషి, తల పక్కకు తిప్పుకుని అలాగే పొమ్మన్నాడు. అవతలికి వెళ్లాక తీరిగ్గా బస్ స్టాండ్ చేరితే మంచుకొండలు కనిపించే పోఖరాకి వెళ్లే మంచి బస్సు అప్పుడే వెళ్లిపోయిందన్నారు. అప్పట్లో వాళ్ల గడియారాలు మనకన్నా పది నిమిషాలు ముందుండేవట. సిస్టర్ తన వాచీ చూపించి బుకింగ్ గుమాస్తాతో వాదం పెట్టుకుంది. తన వాచీ తప్పు నడిచిన చరిత్ర లేదు కాబట్టి తప్పు దేశానిదేనని ఆవిడ పాయింటు. ఆయన నవ్వుతూ తర్వాతి బస్సులో వెనక సీట్లు ఇచ్చాడు.

ఆ బస్సు కొండదారిలో మధ్యాహ్నం భోజనాలకి ఆగింది. నాలుగు రేకుల పాకలు, అన్నం, పప్పు, ఆవనూనె వాసన. తినేసి మళ్లీ ఎక్కి కూర్చున్నాక నాకు చాటుకి వెళ్లాల్సి వచ్చింది. సంచులు సిస్టర్‌కి అప్పజెప్పి, "అక్కా, నేను దిగి వస్తాను, నేనొచ్చేదాకా బస్సు ఆపించు" అన్నాను. ఆవిడ నా వైపు చూసింది. కళ్లు తెరిచే ఉన్నాయి. "తీసుకున్నాను" అంది స్పష్టంగా. ఆ మాట విన్నాక ఇంక అనుమానమేముంటుంది? దిగి పాకల వెనక్కి వెళ్లాను.

వచ్చి చూస్తే బస్సు లేదు.

ఆవిడ నిద్రపోతోందని నాకెలా తెలుస్తుంది? అన్ని నైట్ డ్యూటీలు చేసిన మనిషి కళ్లు తెరిచి నిద్రపోగలదు. వేల సార్లు అన్న మాటను నిద్రలోనూ అనగలదు. నేను మాత్రం రోడ్డు మీద నిలబడి ఉన్నాను. పర్సు లేదు, ఐడెంటిటీ కార్డు లేదు, భాష లేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. పాకలో భోజనం పెట్టినావిడ "బహినీ, బస, బస" అంటూ బల్ల చూపించింది. కూర్చోమనే చెబుతోంది. నేను వింటేగా. వెనకాలే ఇంకో బస్సు వస్తే చెయ్యెత్తి ఎక్కేశాను. ఢిల్లీ, సిస్టర్, ముందు పోయిన బస్సు అని వచ్చిన హిందీ అంతా గుమ్మరించాను. కండక్టరు జాలిపడి ఎక్కనిచ్చాడు.

నేను చేసిన తెలివితక్కువ పనల్లా అదే. ఎందుకంటే కొన్ని మలుపులు తిరిగాక సిస్టర్‌కి మెలకువ వచ్చింది. పక్కన నేను లేను. బస్సు ఆపించి, రెండు సంచులతో దిగి, కిందికి పోయే జీపొకటి పట్టుకుంది. ఆ కొండదారిలో ఎక్కడో ఆవిడ జీపు నా బస్సును రాసుకుంటూ వెళ్లి ఉంటుంది. ఒకళ్లనొకళ్లం చూసుకోలేదు.

పెద్ద ఊరు వచ్చింది. బస్ స్టాండ్‌లో మా బస్సు ఉంది, సీట్లో సిస్టర్ లేదు. రెండు సంచులావిడ ఏడుస్తూ వెనక్కి వెళ్లిందని డ్రైవరు చెప్పాడు. ఏడుస్తూనా అని రెండుసార్లు అడిగాను. సిస్టర్ ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. మళ్లీ వెనక్కి పరిగెడదామా అనుకున్నాను. పరిగెడితే రాత్రిదాకా ఆ కొండ మీద ఇద్దరం దాగుడుమూతలు ఆడుకోవాలి. ఒకచోట ఉండాలి. ఎక్కడుంటే ఆవిడ వస్తుంది? అప్పుడు గుర్తొచ్చింది. మా వార్డులో ఎవరైనా చెప్పాపెట్టకుండా డ్యూటీకి రాకపోతే సిస్టర్ ముందు క్యాజువాలిటీకి వెళ్లి చూసేది, తర్వాతే హాస్టల్‌కి కబురు పంపేది. మనసు ముందు చెడే ఊహిస్తుంది, ముందు ఆ భయం తీర్చేసుకుంటే తర్వాత తిట్టుకోవచ్చనేది.

ఆసుపత్రి ఎక్కడని అడుక్కుంటూ వెళ్లాను. గుట్ట మీద మిషన్ ఆసుపత్రి. నర్సునని చెప్పగానే అక్కడి నర్సులు ఇంకేం అడగలేదు, క్యాజువాలిటీ గుమ్మం పక్కన బల్ల మీద కూర్చోబెట్టి టీ ఇచ్చారు. డెట్టాల్ వాసనకి నాకు సగం ధైర్యం వచ్చింది. మిగతా సగం పొద్దు వాలేకొద్దీ కరిగిపోయింది. ఆవిడ రాకపోతే మా నాన్నకి ఏ మొహం చూపిస్తాను, అసలు ఆవిడకే ఏమైనా అయితే? మెట్ల మీద చెప్పుల చప్పుడైనప్పుడల్లా లేచి చూశాను.

దీపాలు పెట్టే వేళకి వచ్చింది. ఒక సంచి వీపున, ఒక సంచి ముందు. చీర మోకాళ్లదాకా మట్టి. గుమ్మంలో ఉన్న నన్ను చూడనేలేదు. నేరుగా లోపలికి వెళ్లి నర్సుని హిందీలో అడిగింది, ఈ రోజు ఎవరైనా అమ్మాయిని తెచ్చారా, పేరు తెలియని అమ్మాయిని, చీర కట్టుకున్న అమ్మాయిని అని. ఎంతోమంది కోసం అడిగిన ప్రశ్న అది, కానీ గొంతు ఆవిడది కాదు. ఆ నర్సు నా వైపు చూపించింది.

సిస్టర్ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. రెండో చెయ్యి పైకెత్తి వాచీ చూసింది. పల్స్ చూడడానికి అంతసేపు పట్టదు. అయినా వదల్లేదు. నేనూ లాక్కోలేదు.

"తిన్నావా?" అంది.

"టీ తాగానక్కా."

"డ్యూటీలో నిద్రపోయానే" అంది, ఇంక అక్కడే నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత లేచి, ఉన్నచోట ఉండకుండా బస్సెక్కినందుకు నన్ను చెడామడా తిట్టింది. ఆ తిట్లు వింటుంటే బతుకుజీవుడా అనిపించింది. అంత హాయిగా నన్ను ఎవరూ ఎప్పుడూ తిట్టలేదు.

ఢిల్లీ వచ్చాక ఈ సంగతి దాచుకుంటుందనుకున్నాను. మొదటిరోజే వార్డులో అందరి ముందూ తనే చెప్పింది. ఆ రోజునుంచి మా వార్డులో కూర్చుని ఛార్జ్ తీసుకోవడం బందు. లేచి నిలబడి, మొదటి మంచం నుంచి చివరి మంచం దాకా నడిచి, అప్పుడు "తీసుకున్నాను" అనాలి. కొత్తగా వచ్చిన మలయాళీ అమ్మాయిలు కాళ్లు నొప్పులని గొణిగితే, "కళ్లు అబద్ధం చెబుతాయమ్మా, కాళ్లు చెప్పవు" అనేది. నేను రిటైరయ్యేదాకా అలాగే నడిచాను. తర్వాత వచ్చిన పిల్లలు ఎందుకని అడిగితే ఆవిడ కథే చెప్పాను.

ఆ మిషన్ ఆసుపత్రి నర్సులు ఆ రాత్రి మమ్మల్ని వాళ్ల క్వార్టర్లో పడుకోబెట్టారు. పొద్దున్నే పోఖరా బస్సెక్కాం. సిస్టర్ నన్ను కిటికీ వైపు కూర్చోబెట్టి, తన కొంగు చివర నా కొంగు చివరకి ముడేసింది. చూసేవాళ్లు నవ్వుతారక్కా అన్నాను. నవ్వుకోనివ్వమంది. బస్సు కదిలిన కాసేపటికే నిద్రపోయింది, ఈసారి కళ్లు మూసుకుని, నోరు తెరుచుకుని.

చాలాసేపటికి ఒక మలుపు తిరగ్గానే బస్సులో వాళ్లంతా మా కిటికీ వైపు వంగారు. ఆకాశంలో సగం దాకా తెల్లగా కొండ. అంత పెద్దది ఉంటుందని నేననుకోలేదు. దీని కోసమే కదా ఆవిడ అన్ని రాత్రులు మేలుకుందని కొంగు లాగి లేపాను.

"అక్కా, కొండ. చూడు."

సిస్టర్ ఒక కన్ను తెరిచింది. చూసింది నన్ను.

"కొండెక్కడికి పోతుందే. నువ్వున్నావు కదా?"

"ఉన్నానక్కా."

కన్ను మూసుకుంది. మంచు మీది వెలుగంతా వచ్చి ఆవిడ మొహం మీద పడింది. తల నా భుజం మీద ఊగుతోంది, కొంగుల ముడి పిడికిట్లో ఉంది. కొండ కనిపించినంతసేపూ నేను కదలకుండా కూర్చున్నాను.