మూడు ట్యూబుల పెట్టె

పిల్లల ఆసుపత్రిలో రక్తం తీసే ఆవిడను అందరూ సూదక్క అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఏడ్చే పిల్లల చేతుల్లో నరం వెతకడమే ఆవిడ పని. ఆవిడకు నరం దొరకని చేయి లేదు గానీ, ఆవిడ కంటికి ఆనిన మనిషి మాత్రం ఇంతవరకూ పుట్టలేదు. డాక్టర్లంటే మరీ చులకన. మొన్నటిదాకా చీకట్లో రాళ్ళు విసిరినట్టు మందులు రాసినవాళ్ళు, ఇప్పుడు జన్యువులంటూ మెడ నిక్కించి తిరుగుతున్నారు.

ఓ నాలుగేళ్ళ పాపకు రెండేళ్ళుగా మూర్ఛలు. మందు వేస్తూనే ఉన్నారు, మూర్ఛలు పెరుగుతూనే ఉన్నాయి. జన్యు పరీక్ష చేస్తే ఏ మందు పడుతుందో, ఏది పడదో తెలుస్తుందని డాక్టరు పాపతో పాటు తల్లిదండ్రుల రక్తం కూడా తీయమని రాశాడు. తండ్రికి టైల్స్ కొట్టుంది. ఆయనగారు రానంటే రానన్నాడు.

"వాళ్ళ వంశంలో ఎవరికీ మూర్ఛల్లేవంట అక్కా. తన రక్తం దేనికంటున్నారు," అంది తల్లి.

"వంశమట వంశం! ముత్తాత పేరడిగితే తల గోక్కునే మొహాలు!"

"పోనీ, పాపదైనా తీసి పంపక్కా."

"సగం పనులు నా దగ్గర కుదరవమ్మా. మూడు ట్యూబులూ ఒక్క పెట్టెలో వెళ్ళాల్సిందే. మీ ఆయన్ని చెవి పట్టుకుని లాక్కురా, పో."

అలా నాలుగుసార్లు తిప్పి పంపింది. మూడో నెలలో ఆ మహానుభావుడు దయచేశాడు. పాప కిక్కురుమనకుండా చేయి చాపితే, ఈయన సూదిని చూసి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. థూ, ఇదీ ఒక మగతనమేనా అనుకుంది సూదక్క.

రిపోర్టు వచ్చిన రోజు పని కల్పించుకుని మరీ డాక్టరు గదిలో నిలబడింది. జన్యువులో తేడా తల్లి నుంచీ రాలేదు, తండ్రి నుంచీ రాలేదు, పాపలోనే కొత్తగా వచ్చింది. వాడుతున్న మందే మూర్ఛల్ని పెంచుతోంది. ఈరోజు నుంచే దాన్ని మెల్లగా తగ్గించి వేరేది మొదలుపెట్టాలన్నాడు డాక్టరు.

తండ్రి అప్పటికే ఫోను చెవిన పెట్టుకున్నాడు. "అమ్మా, మన వైపుది కాదట!"

సూదక్కకు ఒళ్ళు మండిపోయింది. "సిగ్గుండాలయ్యా! నువ్వు కొట్లో కూర్చుని వంశం లెక్కపెట్టుకుంటుంటే, పిల్ల మూడు నెలలు ఆ మందే మింగింది!"

తల్లి మాత్రం డాక్టరునే చూస్తోంది. "ఈయన రక్తం లేకపోతే మందు సంగతి తెలిసేది కాదా అండీ?"

"ఎందుకు తెలియదూ? దానికి పాప రక్తం ఒక్కటే చాలు. మీవి ఆ తర్వాతైనా పంపొచ్చు. అయినా, పాపది ముందే ఎందుకివ్వలేదమ్మా?"

తల్లి మొగుడి వైపు చూడలేదు. తలతిప్పి సూదక్కను చూసింది.

"నేనే వెనక్కి పంపాను సార్," అంది సూదక్క. "నాలుగుసార్లు."