స్తామెన్ విమానానికి సోలు

కార్లోవో ఊరి బయట బీడులో ఆదివారాలు బొమ్మ విమానాలు ఎగరేసే పదిమంది ముసలివాళ్లకు దెచ్కో లేనిదే గడవదు. నలభై ఏళ్లు జనం బూట్లకు సోళ్లు వేసి, కొట్టు మూసేశాక అతను విమానాలకు సోళ్లు వేయడం మొదలుపెట్టాడు. అవి థర్మోకోల్ లాంటి మెత్తటి సరుకుతో చేసినవి, చక్రాలుండవు. చేత్తో విసిరి రిమోటుతో నడిపిస్తే ఎగురుతాయి, పొట్ట మీద జారుతూ దిగుతాయి. బీడులో రాళ్లకేం తక్కువ? నాలుగు ఆదివారాలకే పొట్ట గీరుకుపోతుంది. దెచ్కో ఆ గీతలను గరుకు కాగితంతో రుద్ది, గుంటలు పూడ్చి, దారాలున్న టేపు అంటించి, దాని మీద నిమ్మసోడా సీసాలోంచి కోసిన ప్లాస్టిక్ ముక్క అతికించేవాడు. ఇక రాళ్ల మీద ఈడ్చినా చెక్కు చెదరదు.

సోలు వద్దన్నవాడు స్తామెన్ ఒక్కడే. రిటైరైన రైలు డ్రైవరు, దెచ్కోకు చిన్నప్పటి నేస్తం.

"నీ అతుకులు నాకెందుకురా? పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దించుతాను" అనేవాడు. అలాగే దించేవాడు కూడా.

తర్వాత అతని చేతులు వణకడం మొదలైంది. అక్టోబరులో ఒక ఆదివారం విమానం దబ్బున పడి, పొట్ట జానెడు మేర చీరుకుపోయింది.

"బంగాళాదుంపల బస్తా ఇంతకంటే మెత్తగా దిగుతుందిరా! ఇటు తే, సోలు వేస్తాను" అన్నాడు దెచ్కో. పాడు నోరు, అదుపు లేనిది.

అందరూ నవ్వారు. స్తామెన్ కూడా నవ్వి, విమానం చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏ ఆదివారమూ రాలేదు. ఇంటికెళ్లి బతిమాలుకోవాలని దెచ్కో అనుకుంటూనే ఉన్నాడు. సారా కాచే పని, మంచు, నడుం నొప్పి... సాకులకేం కొదవ? మార్చిలో స్తామెన్ పోయాడు.

వారానికి అతని భార్య వెలికా విమానం తెచ్చి దెచ్కో బల్ల మీద పెట్టింది. "ఆయన పోయిన నలభయ్యో రోజున దీన్ని ఒక్కసారి ఎగరెయ్యి, అన్నయ్యా" అని, ఇంకేదో చెప్పబోయి, ఏడుపు ఆపుకోలేక వెళ్లిపోయింది.

బతికుండగా అడగలేని క్షమాపణ ఇలాగైనా చెప్పుకుందామనుకున్నాడు దెచ్కో. మూడు రోజులు కూర్చుని, ఎవరికీ వేయనంత మంచి సోలు వేశాడు. పొట్ట నిండా గీతలు, వాటి పక్కన పెన్సిలుతో చిన్న చిన్న అంకెలు. ఏవో కొలతలనుకుని అన్నీ నున్నగా రుద్దేశాడు. రాలిన పొడిని ఊడ్చి చెత్తబుట్టలో పోశాడు.

నలభయ్యో రోజున బీడులో వెలికా ఆనవాయితీ ప్రకారం పోయినవాడి పేరిట అందరికీ ఉడికించిన గోధుమలు పంచింది. విమానం రెండు చుట్లు తిరిగి, రాళ్ల మీద జారి ఆగింది. చిన్న గీత కూడా పడలేదు. వెలికా దాన్ని తిరగేసి, పొట్ట మీద చెయ్యి ఆనించింది.

"కప్పేశావా? పోన్లే, నువ్వు చూశావుగా. అది చాలు."

"ఏం చూశానమ్మా?"

"గీతలన్నయ్యా! ఆ ఆదివారం తర్వాత ఆయన, మీరెవరూ లేని పూట చూసుకుని రోజూ ఇక్కడికొచ్చేవాడు. చేతులు వణక్కుండా మోచేతులు నడుముకు తాడుతో కట్టించుకునేవాడు. నేనే కట్టేదాన్ని. దించిన ప్రతిసారీ గీత పక్కన తేదీ వేసుకునేవాడు. రాను రాను గీతలు సన్నబడ్డాయి. ఫిబ్రవరిలో వేసిన చివరిదైతే నా కంటికి ఆననే లేదు. 'మే నెలలో గెర్గీ పండగనాడు పొట్ట తిప్పి దెచ్కోకు చూపిస్తాను, వాడి నోరు మూతపడాలి' అని ఒకటే సంబరం."

ఆమె నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"నాకు ఇవన్నీ ఏం తెలుస్తాయి? నువ్వు చెప్పు. ఆ చివరిసారి బాగానే దించాడా?"

దెచ్కోకు చెత్తబుట్టలో పోసిన తెల్లటి పొడి కళ్ల ముందు కదిలింది. ఇన్నేళ్లలో ఆ నోటికి మాట తడుముకోవలసి రావడం అదే మొదటిసారి.

"బాగా దించాడమ్మా" అన్నాడు. "పసిబిడ్డను పడుకోబెట్టినట్టు."