నెవెనా మేళంలో తీసెయ్యని మనిషి

చనిపోయిన రోజు పొద్దున కూడా నెవెనా ఒకణ్ణి మేళంలోంచి తీసేసింది. పెరుగులో చక్కెర కలుపుకున్నాడని. వీధంతా వినేలా తీసేసి, కాల్చిన మిరపకాయల తొక్కలు వలిచి, చేతులు కడుక్కుని, కాసేపు నడుం వాలుస్తానని లోపలికి వెళ్లింది. మళ్లీ లేవలేదు.

అకార్డియన్ వాయించే ఆ మీల్కో అప్పటికింకా పెరట్లో పెట్టె సర్దుకుంటూనే ఉన్నాడు.

"ఇప్పుడు నేను మేళంలో ఉన్నట్టా, లేనట్టా?" అని ఏడుస్తూనే అడిగాడు. డోలు వాయించే స్తామెన్ వాడికి చేతిరుమాలు అందించాడు.

తుంజా నది ఒడ్డు ఊళ్లలో నెవెనా పాడని పెళ్లి లేదు. ఆమె గొంతు పసిపిల్లలకు కూడా తెలుసు. వెనక వాయించేవాళ్ల ముఖాలు మాత్రం ఎవరికీ గుర్తుండవు. ద్రాక్ష కోతలప్పుడు ఉన్నవాళ్లు చలికాలం చివర తీగలు కత్తిరించే వేళకు ఉండరు. ఒకణ్ణి కనుబొమలు ఎగరేస్తున్నాడని తీసేసింది. ఇంకొకణ్ణి ఉడికిన గుడ్డును లావు కొసనుంచి వలిచాడని. ఫిడేలు అన్నదమ్ముల్లో చిన్నవాడు తుమ్మితే పెద్దవాణ్ణి తీసేసింది.

"తుమ్మింది వాడు కదక్కా?"

"వాణ్ణి పెంచింది నువ్వే కదా."

తీసెయ్యడం కూడా చాటుగా కాదు. నిండు పెళ్లిలో, రెండు పాటల మధ్య, వధువు తాతగారు కూడా వినేంత గట్టిగా. క్లారినెట్ యాంకో వంతు వచ్చిన రోజు పాట ఆపి మరీ చెప్పింది. "అందరూ వినండి. ఈ యాంకో ఇవాళ్టినుంచి నా మనిషి కాడు. బూట్లు అద్దంలా తుడుచుకొచ్చాడు. జనం పెళ్లికూతుర్ని చూడాలా, వీడి కాళ్లు చూడాలా?"

ఆ తర్వాత ఎవరూ దగ్గరికి రానివ్వని వాణ్ణి వెతికి తెచ్చుకునేది. ఊదితే మేకలు బెదిరే రకం. చలికాలమంతా వాణ్ణి వంటింట్లో కూర్చోబెట్టి, గరిటెతో బల్ల మీద తాళం వేస్తూ నేర్పేది. వాడి చేతిలో పాట నీళ్లలా పారడం మొదలయ్యాక, ఏదో ఒక వంక పెట్టి గెంటేసేది.

స్తామెన్‌ను మాత్రం ఎన్నడూ తియ్యలేదు. మొదట్లో ప్రతి పెళ్లికీ బిక్కుబిక్కుమంటూ వెళ్లేవాడు. తర్వాత కాస్త గర్వం వచ్చింది. ఆ తర్వాత అనుమానం పట్టుకుంది. తీసేసినవాళ్లంతా బాగుపడుతున్నారు. యాంకో ప్లొవ్‌దివ్ పట్నంలో పెద్ద మేళంలో చేరాడు, వాడి క్యాసెట్లు సంతలో దొరుకుతున్నాయి. తనకేం తక్కువ?

ఒక పెళ్లిలో స్తామెన్ తెగించాడు. నెవెనా ఎదుటే కూర్చుని గుడ్డు లావు కొసనుంచి వలిచాడు. ఆమె ఉప్పు అందించింది. మర్నాడు కావాలని దెబ్బ తప్పించి కొట్టాడు. ఆమె పాటను అక్కడే కొంచెం సాగదీసి, తప్పు ఎవరికీ తెలియకుండా కప్పేసి, వెనక్కి తిరిగింది.

"తమ్ముడూ, ఆకలేస్తోందా?"

ఇంకేం చేస్తాడు?

పోయిన నలభయ్యో రోజున, ఆచారం ప్రకారం ఆమె సమాధి దగ్గర ఉడికించిన గోధుమలు పంచుతుంటే, తీసేసినవాళ్లంతా వాయిద్యాలతో సహా వచ్చారు. శ్మశానంలో చోటు చాల్లేదు. యాంకో సమాధి మీద వైన్ ధారపోసి వచ్చి స్తామెన్ పక్కన కూర్చున్నాడు.

"బూట్ల కోసం గెంటేసిందన్న కోపం పోయిందా నీకు?" అన్నాడు స్తామెన్.

"కోపమా? ఇంకొకళ్ల మేళంలో మనిషిని పిలవడం మనలో తప్పు కదా. మనంతట మనం అక్కను వదిలిపోతామంటే నోరు రాదు. గెంటేసినవాణ్ణయితే ఎవరైనా తీసుకోవచ్చు. పెళ్లిలో పెద్ద మేళం వాళ్లెవరైనా ఒకడి వాయిద్యం విని తలూపారంటే, అక్క వాణ్ణి అప్పటికప్పుడు గెంటేసేది. వాళ్ల చెవిన పడాలనే ఆ అరుపు."

మీల్కో గోధుమలు నములుతూ ఆగిపోయాడు. "మరి నన్ను?"

"ఆ ముందురోజు పెళ్లిలో మా మేళం పెద్దాయన నీ వాయిద్యం విన్నాడు. నువ్వెప్పుడొస్తావా అని ఇన్నాళ్లూ చూస్తున్నాడు."

స్తామెన్ చేతిలో గోధుమలు అలాగే ఉన్నాయి.

"అంటే, నన్ను ఎవరూ అడగలేదన్నమాట," అన్నాడు.

యాంకో వాడి వంక వింతగా చూశాడు. "అడగలేదా? మా పెద్దాయన ఈ ఊళ్లకు వచ్చిందే నీ డోలు కోసం. తలూపీ ఊపీ మెడ పట్టేసింది పాపం. అక్క తీసెయ్యదే. ఇక సిగ్గు విడిచి నేరుగా ఆమెనే అడిగేశాడు."

"ఏమంది?"

"నీకు ఎడమ చెవి వినపడదంది. పాపమని భరిస్తున్నానంది. మా అందర్నీ పంపించేసింది కానీ, నిన్ను ఎవరికీ ఇవ్వలేదు."

స్తామెన్ ఎడమ చెవి తడిమి చూసుకున్నాడు. నిక్షేపంగా ఉంది. సమాధి వైపు తిరిగి నవ్వేశాడు.

"అందుకేనా, మీ పెద్దాయన ఎప్పుడు కలిసినా నా కుడివైపుకు వచ్చి అరిచేవాడు?"

"అందుకే మరి."

ఆయనకే చెవుడనుకుని, స్తామెన్ ఇన్నేళ్లూ తనూ అరిచే జవాబు చెప్పేవాడు.