మా బావ కట్టిన విదేశీ ఫీజు

నిన్న కరీంనగర్‌లో సుల్తానాబాద్ బస్సు కోసం నిలబడి ఉంటే, రోడ్డుకు అటువైపు ఇద్దరు మనుషులు ఇనుప చట్రం మీదికెక్కి పెద్ద బ్యానరొకటి కడుతున్నారు. ముందు పైసగం విప్పారు. నల్లకోట్లు వేసుకొని, నల్లటోపీలు పెట్టుకున్న పిల్లలు పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నారు. ఒకరు మన పిల్లలాగే ఉన్నారు, ఒకరు ఆఫ్రికా పిల్లవాడు, ఇంకొకరు ఎక్కడివాళ్లో పోల్చుకోలేకపోయాను. కిందిసగం విప్పాక 'స్వదేశీ, విదేశీ విద్యార్థులకు ప్రవేశాలు' అన్న అక్షరాలు పడ్డాయి. నాకు ఒళ్లు మండింది. పక్కన అరటిపండ్లు అమ్మే ఆమె నా మొహం చూసి "ఏమైందమ్మా, గట్ల సూస్తున్నవ్?" అని అడిగింది. ఏమని చెప్పను? ఆ విదేశీ అన్న ఒక్క ముక్క మా ఇంట్లో ఒక మనిషి బతుకులోంచి నాలుగేండ్లు కొరుక్కు తిన్నదని చెబితే నమ్ముతుందా? అరడజను పండ్లు కొనుక్కొని బస్సెక్కాను.

మా అక్క భర్తను ఊళ్లో అందరూ దుబాయాయన అంటారు. ఆయన దుబాయ్‌లో ఒక్కరోజు కూడా పని చేయలేదు, ఉన్నది మస్కట్‌లో. కానీ మా వైపు సముద్రం దాటి పనికి పోతే అది ఏ దేశమైనా దుబాయే. చేసేది సెంట్రింగ్ పని, అంటే స్లాబు పోసే ముందు దాని కింద చెక్కలూ గుంజలూ కట్టడం. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఇనుప గుంజ పట్టుకుంటే చేతి తోలు దానికే అంటుకొని వస్తుందని ఓసారి నాతో అన్నాడు. అక్కతో మాత్రం ఎప్పుడూ అనలేదు. గదికి ఎనిమిది మంది, మంచం మీద మంచం. అదంతా అక్కడి సంగతి. ఛుట్టీ మీద, అంటే సెలవు మీద, ఊళ్లో దిగాడంటే మాత్రం పెండ్లికొడుకే. ఇస్త్రీ చెడని చొక్కా, బంగారు రంగు వాచీ, నల్ల కళ్లద్దాలు, ఇంత అత్తరు. "బావా, నువ్వింకా గల్లీలో ఉండంగనే నీ అత్తరు వచ్చి మా ఇంట్ల కుర్చీ ఏసుకొని కూసున్నది" అని ఏడిపించేదాన్ని. "నవ్వు మరదలా, నవ్వు. గిట్ల రాకపోతే మందిల ఇజ్జత్ ఉంటదా?" అనేవాడు. వాళ్లకు ఒక్కతే బిడ్డ. ఆ పిల్లకు తండ్రి అంటే ఏడాదికో రెండేండ్లకో వచ్చిపోయే సబ్బుల వాసన, పాలపొడి డబ్బా, మెత్తటి కంబళి.

ఆ పిల్ల ఇంటర్ పాసైన ఏడు బావ వచ్చీ రాగానే మా అందరినీ కూర్చోబెట్టి, "గిదే ఆఖరి ఛుట్టి. పిల్లకు సీటు దొర్కితే ఒక్కపాలి పోయి కంపెనిల లెక్క తెంపుకొని వచ్చేస్త. మోకాళ్లు సాల్త లేవు" అన్నాడు. పిల్లకు వ్యవసాయ డిగ్రీ చదవాలని కోరిక. వచ్చిన ర్యాంకు మామూలు సీటుకు సరిపోయేదే. మామూలు ఫీజైతే బావ దాచిందీ, రెండెకరాల వరి మీద వచ్చేదీ కలిపి ఎట్లాగో గట్టెక్కుతామని అక్క లెక్క. అక్క ఆ రోజు వండిన కోడికూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది. ఎవరూ అనలేదు, అంత సంతోషంగా ఉన్నాం. నేను బడి పంతులమ్మను కాబట్టి, నాలుగు ఇంగ్లీషు ముక్కలు అవసరమవుతాయని యూనివర్సిటీకి నన్ను కూడా తీసుకుపోయారు.

వరండాలో పొడుగాటి లైను. సంచులు చంకన పెట్టుకున్న తండ్రులు, కొంగుతో విసురుకుంటున్న తల్లులు. పక్కనే అద్దాల గది, లోపల సోఫాలు. ఆ గది తలుపు దగ్గర కోటు వేసుకున్న అమ్మాయి బావ వాచీనీ కళ్లద్దాలనూ చూసి, "సార్, ఎక్కడి నుంచి వస్తున్నారు?" అని అడిగింది. సుల్తానాబాద్ అంటే సరిపోయేది. "దుబాయ్" అన్నాడు మా బావ. మస్కట్ అని కూడా కాదు! పిల్ల నా చెయ్యి గిల్లి, "చిన్నమ్మా, మనం గా లైన్ల నిలబడాలె గదా?" అంది. ఆలోపే బావ సోఫాలో కూర్చున్నాడు. చల్లటి కాఫీ వచ్చింది. పాస్‌పోర్టు ఉందా అని అడిగారు. ఎందుకుండదు? అక్కడున్నన్నాళ్లూ అది కంపెనీ వాళ్ల బీరువాలోనే ఉంటుంది. అందుకే ఛుట్టీకి వచ్చినప్పుడు ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా జేబులోంచి తీయకుండా తిరుగుతాడు, అన్నం తినేటప్పుడు కూడా. ఎవరైనా అడిగితే చాలు, చూపించడమే ఆయనకు సంబరం. వాళ్లు అందులోని బయట దేశపు వీసా ముద్ర చూసి, నకలు తీసుకొని, పిల్ల పేరు కంప్యూటర్లో ఎక్కించుకొని, పేరు నమోదుకని డబ్బులు కూడా కట్టించుకున్నారు. "సూసినవా మరదలా, దుబాయ్ అంటే ఎంత కదర్, ఎంత మర్యాద ఉన్నదో" అన్నాడు.

ఎదురు సోఫాలో సూడాన్ దేశపు అబ్బాయి ఒకడు ఫైలు పట్టుకొని కూర్చున్నాడు. బావకు అరబ్బీ వచ్చు కదా, మాట కలిపాడు. ఇద్దరూ చేతులూపుకుంటూ నవ్వుతూ మాట్లాడుకుంటుంటే నేను ముచ్చటపడి చూస్తున్నాను. ఉన్నట్టుండి బావ నవ్వు ఆగిపోయింది. నా వైపు వంగి, "మరదలా, గిది బయట దేశపోళ్ల రూమట. ఫీజు డాలర్లల్ల కట్టాల్నట. గీ పిలగాని నాయిన గూడ జెద్దాల లారీ నడుపుతడు, మనసొంటోడే. ఈ ఏడు మళ్ల పెంచిండ్రట, పరేషాన్‌ల ఉన్నడు" అన్నాడు. కౌంటరు దగ్గరికి పోయి అడిగితే కాగితం చేతికిచ్చారు. మామూలు ఫీజుకు నాలుగింతలు. సముద్రం అవతలి నుంచి వచ్చినవాడు డబ్బు మూటతోనే దిగుతాడని ఈ చదువుకున్నవాళ్లకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఆ లారీ డ్రైవరు కొడుకును చూసినా వాళ్లకు అలాగే అనిపించిందా?

పిల్ల పేరు అక్కడి నుంచి తీసి మామూలు లైన్లో వేయమంటే, పాస్‌పోర్టు మీద నమోదైంది, పైవాళ్లను అడగాలి అన్నారు. "తండ్రి ఆడుంటే బిడ్డ బయట దేశపుదెట్లయితది సార్? గీ పిల్ల రైలు గూడ ఎక్కలే!" అని నేను అరిచేశాను. గల్ఫ్‌లో కూలి చేసేవాళ్ల పిల్లలకు రాయితీ ఉందన్నాడు ఒకాయన. తీరా అడిగితే, దానికి కంపెనీ ముద్రతో ఉత్తరం కావాలి, అది లేకపోతే ఇక్కడివాళ్ల కిందే లెక్కట. కంపెనీలో ఫోనెత్తినవాడు రేపు రేపు అంటాడు, ఇక్కడ గడువు దగ్గరపడుతోంది. పోనీ రైతు బిడ్డగా తీసుకోమంటే ఆదాయం సర్టిఫికెట్ తెమ్మన్నారు. తహసీల్ ఆఫీసులో గుమస్తా బావను ఎగాదిగా చూసి, "దుబాయ్‌ల ఉండి పేదోనివని రాయమంటవా? నవ్విపోతరు" అన్నాడు. ఫీజు దగ్గర విదేశీ, రాయితీ దగ్గర స్వదేశీ, సర్టిఫికెట్ దగ్గర మళ్లీ విదేశీ. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో పిల్లలకు పాఠంలో ఎన్నిసార్లు చెప్పానో, ఆ వారం రోజులు మేమే ఆ రేవడులమయ్యాం.

చివరిసారి పోయినప్పుడు బావ అత్తరు పూసుకోలేదు. వాచీ తీసేసి, పొలానికి వేసుకుపోయే చొక్కా తొడుక్కొని, భుజాన తువ్వాల వేసుకున్నాడు. కౌంటరు ముందు నిలబడి రెండు చేతులూ జోడించాడు. అవతలివాడు ఆ చేతుల వంక చూడనేలేదు, కంప్యూటర్ వంకే చూసి, మామూలు సీట్లు నిండిపోయాయి అన్నాడు. కావాలంటే ఇప్పుడున్న సీటు ఉంచుకోవచ్చట. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి తలెత్తి మొహం కూడా చూడలేదు.

తిరుగు బస్సులో పిల్ల ఏడుస్తూ, "బాపూ, నేను కరీంనగర్‌ల ఏదన్న డిగ్రీ చదువుత. నువ్వు మళ్ల పోకు" అంది. బావ భుజాన ఉన్న తువ్వాలతో బిడ్డ మొహం తుడిచాడు. "గట్లనకు బిడ్డా. దుబాయ్ అన్నది నా నోరే. నేనే కడుత. నువ్వు ఫికర్ జెయ్యకు" అన్నాడు. తప్పంతా ఆ ఒక్క మాటదే అన్నట్టు మాట్లాడాడు. నాకు ఇప్పటికీ ఒప్పుకోబుద్ధి కాదు. గొప్ప కోసం ఒక చిన్న అబద్ధం ఆడాడు, నిజమే. ఊళ్లో ఎవరు ఆడరు? దానికి ఇంత జరిమానానా? ఛుట్టీ అయిపోగానే మోకాళ్లకు పట్టీలు చుట్టుకొని మళ్లీ విమానం ఎక్కాడు. మధ్యలో ఛుట్టీకి కూడా రాలేదు, టికెట్ డబ్బులు ఫీజుకు పనికొస్తాయని.

పిల్ల చదువు అయిపోయింది. ఇప్పుడు భైంసాలో ఉద్యోగం, పత్తి రైతుల చేలు తిరిగి పురుగూ తెగులూ చూసి సలహాలు చెప్పే పని. బావ కూడా పోయినేడు వచ్చేశాడు, ఇక పోడు. మెట్లు ఎక్కలేడు కాబట్టి కింది వాటాలో గది తీసుకొని, బిడ్డ దగ్గరే కొన్నాళ్లు ఉంటానని పోయాడు. అక్క మాత్రం నాట్లు అయ్యేదాకా ఊళ్లోనే. పోయిన నెల ఓ పొద్దున ఆయన ఫోన్ చేశాడు. వంట బావకు బాగా వచ్చు, ఎనిమిది మందికి వండిన చెయ్యి. పిల్ల చేలకు పోతుంటే డబ్బా కడుతున్నాడట. గొంతు బాగా తగ్గించి, "మరదలా, నవ్వొద్దు. పిల్ల పెరుగన్నం తింటదా, తినదా?" అని అడిగాడు.

"పక్కనే ఉన్నది గదా బావా, అడుగరాదు?"

"ఎట్ల అడుగుత? నాయినకు గది గూడ తెల్వదా అనుకోదా?"

తింటుంది బావా, బాగా తింటుంది అని చెప్పాను. చిన్నప్పుడు పెరుగు వాసనే పడేది కాదు ఆ పిల్లకు, హాస్టల్ కూరల కారం తట్టుకోలేక చదువుకునేటప్పుడు అలవాటు చేసుకుంది. అది మాత్రం ఆయనకు చెప్పలేదు. పిల్ల పెరుగు తినడం నేర్చుకున్న ఆ నాలుగేండ్లూ ఆయన అక్కడ ఎండలో పని చేసి కొని పంపినవే. ఫీజు కట్టినవాడు లేకుండానే అవి ఇక్కడ గడిచిపోయాయి.