తవుడిచ్చి పిల్లను కొన్న మేనత్త

మా మేనత్త పోయింది. పొద్దుటి పాసింజరులో ఏలూరు నుంచి వచ్చిన మా తమ్ముడు చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడి, "అక్కా, అత్త పోయిందే" అన్నాడు. నేను తాడేపల్లిగూడెం నుంచి వెళ్లేసరికి ఇల్లంతా చుట్టాలు. వచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే మాట. "పోనీలేమ్మా, చిన్నతనంలోనే పసుపుకుంకాలు పోయిన మనిషి, ఇన్నాళ్లకు కష్టం గట్టెక్కింది." వింటూ కూర్చున్నాను గానీ ఒళ్లు మండిపోయింది. కష్టం గట్టెక్కేదాకా ఓ మూల కూర్చుని ఎదురుచూసిన మనిషి కాదావిడ. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆవిడ అత్తవారిది కొల్లేటి లంకల్లో ఒక ఊరు. కాపరానికి వెళ్లిన కొన్నాళ్లకే భర్త పోతే, ఏలూరులో అన్నగారింటికి, అంటే మా నాన్న ఇంటికి, తిరిగి వచ్చింది. మా అమ్మ తమ్ముడి పురిట్లోనే పోయింది. మా ఇద్దరినీ పెంచింది మేనత్తే. మా నాయనమ్మ ఆవిడకు ఒక తెల్లచీర, ఒక పీట, ఒక మూలగది చూపించింది. ఆవిడ వాటితో సరిపెట్టుకోలేదు. ఎదురింట్లో క్రైస్తవ మిషను బళ్లో కుట్టుపని చెప్పే టీచరమ్మ ఉండేవారు. వాళ్ల అరుగు మీద కూర్చుని ఊలు అల్లిక నేర్చుకుంది. పాత గొడుగుల ఊచలు రాతిమీద నునుపు చేసుకుంటే అవే సూదులు. తివాచీలు నేసేవాళ్ల దగ్గర మిగిలిపోయిన ముక్కలే ఊలు. తాను కట్టుకోకూడదన్న రంగులన్నీ ఆవిడ బుట్టలో ఉండేవి.

"ఈ ఎండల్లో ఊలేవిటమ్మా?" అని ఎవరైనా నవ్వితే, "మీకు చెమట పడితే విసనకర్ర తెచ్చుకోండి, నా జోలికెందుకండీ" అనేది.

అల్లినవన్నీ కొల్లేటి సరుకే. నాన్న కళ్లజోడుకు తాబేలు సంచి చేసింది. కళ్లజోడు లోపల పెడితే తాబేలు తల బయటికొచ్చేది. తమ్ముడి పలకకు కొర్రమీను తొడుగు. ఆఖరికి నాయనమ్మ ఊతకర్ర పిడికి కూడా బాతు తల తొడిగింది. నాయనమ్మ రోజంతా తిట్టింది గానీ, దాన్ని ఊడదీయలేదు. కర్ర నున్నగా ఉంటే చెయ్యి జారుతోందని మాకో సాకు చెప్పింది.

ఇక నా సంగతి. నాకు పుట్టిన మొదటి ఇద్దరూ బారసాల దాకా కూడా బతకలేదు. పేర్లు పెట్టలేదు కనుక వాళ్లను తలచుకుందామన్నా నోటికి ఒక మాట లేదు. వాళ్ల ఊసు ఎత్తకూడదనేవారు, నేనూ ఎత్తేదాన్ని కాదు. కర్నూలు రాజధానిగా మన రాష్ట్రం వచ్చిన ఏడు, పుట్టింట్లోనే మూడో కాన్పు. ఆడపిల్ల పుట్టింది.

పిల్లలు దక్కని ఇంట్లో ఏం చేస్తారో మీలో చాలామందికి తెలుసు. బిడ్డను చేటలో వేసి పెంటకుప్ప మీద పెడతారు. ఎవరో ఒకరు ఇంత తవుడిచ్చి కొనుక్కుంటారు. కొన్నాక, పెంచి పెట్టమని తల్లి చేతికే ఇస్తారు. తవుడుకు అమ్ముడుపోయిన పిల్ల కనుక మృత్యువు కంటికి ఆనదట. తవిటమ్మ అని పేరు పెట్టి, ఇంటింటా అడిగి తెచ్చిన పాతగుడ్డలు చుడతారు. మా నాయనమ్మ అంతా సిద్ధం చేసింది. కొనేవాళ్లు కావాలి. కొనే చెయ్యి ఎంత తక్కువదైతే అంత మంచిదని చెప్పి, కన్నకూతురి వైపు చూసింది.

"నువ్వు కొనవే. నీకంటే తక్కువది ఎవరున్నారు ఈ ఇంట్లో?"

మేనత్త లేచింది. పశువుల పాకలోకి వెళ్లి ఒళ్లో తవుడు తెచ్చి నాయనమ్మ ముందు పోసింది. చేటలోంచి పిల్లను ఎత్తుకుంది. నాయనమ్మ చిరుగుల గుడ్డ అందించింది.

"ఇది చుట్టు."

"ఎందుకు?"

"ఎందుకేవిటే? ఆచారం."

"పిల్లను కొన్నదెవరమ్మా?"

"నువ్వే."

"మరి అమ్మేసినవాళ్లకి ఇంకా పెత్తనం ఏవిటి? నా పిల్లకి నాకు నచ్చింది తొడుగుతాను."

కొంగు చాటు నుంచి ఒక టోపీ తీసింది. తెల్లటి గూడబాతు. నారింజరంగు ముక్కు చూరులాగా ముందుకు పొడుచుకొచ్చింది. దాని కింద చేప దాచుకునే సంచి కూడా ఉంది. పిల్ల తలకు తొడిగి అందరి వైపూ తిప్పి చూపించింది. నాయనమ్మ చిరుగుల గుడ్డ మడిచి పక్కన పెట్టింది. అమ్మకం చెల్లదంటే పిల్లకు రక్ష కూడా చెల్లదు. చెల్లుతుందంటే కూతురి మాట వినాలి. తాను పెట్టిన ఆచారమే తనను పట్టేసింది.

నేనే మంచంమీంచి ఆపబోయాను. "వద్దే అత్తా, భయంగా ఉంది నాకు" అన్నాను.

ఆవిడ నా మంచం పక్కన కూర్చుంది. "ఆ ఇద్దరికీ పాతగుడ్డలే కదే చుట్టాం. అంతలా దాచినా దొరికిపోయారు. ఇది ఉన్నన్నాళ్లూ దర్జాగా ఉండనీ" అంది.

మర్నాటికల్లా పిల్ల నుదురంతా ఎర్రగా పొక్కింది. ఇల్లు అదిరిపోయింది. ముండమోపి చెయ్యి తగిలితే ఇంకేమవుతుందని నాయనమ్మ నెత్తి కొట్టుకుంది. మేనత్త ఆ టోపీ తీసుకుని తన మెడమీద రుద్దుకుంది. చర్మం కందేదాకా రుద్దుకుని, తల్లి ముందు మెడ వంచి చూపించింది.

"చూడమ్మా, నాకూ కందింది. ఇది కాళ్ల కింద పరుచుకునే తివాచీల ఊలు. పసిదాని ఒంటికి గుచ్చుకుంటుందని నాకు తట్టలేదు. తెలివితక్కువపని చేశాను, ఒప్పుకుంటాను. నా మొగుడు పోవడానికీ దీనికీ ఏం సంబంధం?"

ఆ ఇంట్లో అంతవరకు ఆ మాట పైకి అన్నవాళ్లు లేరు. సాయంత్రానికి నూలుదారం ఉడకబెట్టి, మెత్తన చేసి, కొత్త గూడబాతు మొదలుపెట్టింది. పాత ఊలుతో చిన్న చిన్న కొంగలు చేసి ఉయ్యాల మీద కట్టింది. తరువాత మీసాల జెల్ల చేపల్లాంటి మేజోళ్లు వచ్చాయి. పిల్ల కాలు ఆడిస్తే మీసాలు ఊగేవి. పిల్లను చూడటానికి వచ్చినవాళ్లు మొహం చిట్లించి, మీసాలు చూసి నవ్వేసి, మళ్లీ నవ్వకూడదని గుర్తొచ్చి సర్దుకునేవారు. తవిటమ్మ అన్న పేరు ఎవరి నోటా నిలవలేదు. వీధంతా గూడబాతు అనే పిలిచారు.

పిల్ల బతికింది. తవుడు పనిచేసిందని నాయనమ్మ అంది. మేనత్త టోపీలోనే ఏదో మహత్తు ఉందని ఇంకొందరు అన్నారు. మాకూ ఒకటి అల్లిపెట్టమని వచ్చారు కూడా. "తవుడూ కాదు, టోపీ కాదు. దానికి బతకాలనిపించింది, బతికింది. మీ పిల్లకి ముద్దుకి కావాలంటే అల్లుతాను, మొక్కుకి అయితే అల్లనండి" అని వాళ్లకు మొహం మీదే చెప్పేది. నాకు ఆవిడ మీద ఉన్న గౌరవంలో సగం ఆ మాటకే.

పిల్ల మొదటి పుట్టినరోజుకు మేనత్త తాడేపల్లిగూడెం, మా అత్తవారింటికి వచ్చింది. శుభకార్యానికి ఆవిడలాంటివాళ్లు దొడ్డిగుమ్మంలోంచి రావాలి. వీధిగుమ్మంలోంచే వచ్చి, మా అత్తగారిని పలకరించి, సంచిలోంచి మూడు టోపీలు తీసింది. ఒకటి పిల్లకు సరిపోయింది. మిగిలిన రెండూ మరీ చిన్నవి, అప్పుడే పుట్టినవాళ్లకు పట్టేటంతవి.

"ఇవి దీనికి పట్టవే అత్తా" అన్నాను.

"దీనికి కాదే. పెద్దాడికొకటి, రెండోదానికొకటి."

మా అత్తగారు మొహం పక్కకు తిప్పుకున్నారు. "శుభమా అని పుట్టినరోజు పూట పోయినవాళ్ల ఊసెందుకండీ వదినగారూ? అవి లోపల పెట్టించండి."

"పోయినా పిల్లలే కదండీ. ఒక్క కొత్తబట్టైనా తొడగకుండా పంపించేశాం" అంది మేనత్త. తరువాత నా వైపు తిరిగింది. "పెట్టెలో దాచుకుంటావో, ఉతికి ఆరేస్తావో నీ ఇష్టం."

నేను అక్కడే నిలబడి ఆ రెండింటినీ చాలాసేపు చేతుల్లో పట్టుకున్నాను. గుప్పిట్లో ఇమిడిపోయాయి. తరువాత ఉతికి, వీధివైపు తీగమీద మూడూ వరసగా ఆరేశాను.

పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసింది. "ఏవండీ, ఇంత బుల్లివి ఎవరివండీ? మళ్లీ ఏవైనా విశేషమా?"

మా అత్తగారు గుమ్మంలో ఉన్నారు. మేనత్త అరుగుమీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది, తల ఎత్తలేదు. నేను తీగవైపు చెయ్యి చూపించాను.

"అది మా పెద్దాడిదండి. దాని పక్కది మా రెండోదానిది. మాకు ముగ్గురు పిల్లలండి."