రాజయ్య తెరవని గేటు

చెరువును కాపాడినదాన్నని ఎవరు పొగిడినా లోపల ఏదో బరువు ఇంకాస్త కిందికి లాగేది. ఏళ్ల తరబడి ఆ బరువుతోనే మీటింగుల్లో మాట్లాడాను, శాలువాలు కప్పించుకున్నాను. ఈ రోజు చెప్పేశాను. మీరెవరో నాకు తెలియదు. అయినా మొదటి నుంచి మీకు చెప్పాలని ఉంది.

మాది ఖమ్మం అంచున చెరువు పక్క బస్తీ. కూల్చిన ఇళ్ల రాళ్లూ మట్టీ తెచ్చి, నీటికోళ్లు గూళ్లు పెట్టే తుంగలో పోసి చెరువును పూడ్చేస్తున్న రోజులవి. నేను మహిళా సంఘం లీడర్‌ని. ఇల్లిల్లూ తిరిగి బతిమాలినా మీటింగుకు పది మంది వచ్చేవాళ్లు కాదు. ఎలాగో మట్టి ట్రాక్టర్లు రాకుండా కట్ట దారిలో గేటు పెట్టించాం. ఒక తాళంచెవి చేపలు పట్టేవాళ్ల పెద్ద రాజయ్య దగ్గర, ఇంకొకటి మా ఇంట్లో.

ఒక తెల్లవారుజామున ట్రాక్టర్ చప్పుడు విని కట్ట మీదికి పరిగెత్తాను. గేటు తెరిచి ఉంది. మట్టి దింపుతున్నది మా తమ్ముడు, కిరాయికి ట్రాక్టర్ తోలేవాడు. మా ఇంటి తాళంచెవితోనే తీశాడు. నన్ను చూసి ట్రాక్టర్ తోలుకుని పోయాడు.

తెల్లారేసరికి బస్తీ అంతా కట్ట మీదే ఉంది. షట్టర్లు దించి వచ్చిన దుకాణాలవాళ్లు, పొలాల నుంచి రైతులు, పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్లు. గేటు ఎవరు తీశారని ఒకటే గోల. ఇంతమందిని ఎన్నాళ్లు కలగన్నాను! తమ్ముడి పేరు చెబితే ఈ జనం చెదిరిపోతారనుకున్నానా? ఇక నా మాట ఎవరూ వినరనుకున్నానా? లేక ఉత్తగా మా ఇంటి పరువేనా? ఇప్పటికీ విడదీసి చెప్పలేను. రాజయ్య తీశాడని చెప్పాను.

ఆయన జనంలోంచి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"నువ్వు కండ్లార చూసినవా బిడ్డా?"

"అవ్, చూసిన పెదనాయినా."

ఆయన తన తాళంచెవి తీసి గేటు మీద పెట్టి వెళ్లిపోయాడు. సొంతవాళ్లే ఆయన్ని పెద్దరికం నుంచి తీసేశారు. కొన్నాళ్లకు పినపాకలో కూతురి దగ్గరికి చేరాడు.

ఆ పొద్దున కోపంతో కలిసిన జనమే చెరువు కమిటీ అయింది. వంతులవారీగా కాపలా కాశాం, పోసిన మట్టి ఎత్తిపోశాం. తమ్ముడూ తట్ట పట్టాడు. తుంగ మళ్లీ లేచింది. మొదటిసారి బాతుల గుంపు దిగినప్పుడు చిన్నపిల్లలా గంతులేశాను. ఆ సంతోషం నిజమే. ఆ పూట నాకు అన్నం సహించకపోవడమూ నిజమే.

ఈ రోజు సభ జరిగింది. మేమెలా చేశామో వినడానికి వైరా, తల్లాడ నుంచి కూడా వచ్చారు. మైకు నా చేతికిచ్చారు. వెనక వరుసలో కూతురి పక్కన రాజయ్య కనిపించాడు. చేపలవాళ్లే పిలిపించారట. గుండె దడదడలాడింది. భయమా? భయమొక్కటే కాదు, సంబరం లాంటిదేదో కూడా. చెప్పేయొచ్చు, ఇప్పుడే, ఇంతమందిలో! గేటు తీసింది మా తమ్ముడని, చూసి కూడా అబద్ధమాడానని మైకులోనే చెప్పాను. మాట మాటకీ గొంతు పెరిగిందే తప్ప తగ్గలేదు.

తమ్ముడు లేచి వెళ్లిపోయాడు. ఇక నాతో మాట్లాడతాడో లేదో. రాజయ్య నా వైపే నడిచి వస్తుంటే చేతులు జోడించాను. ఆయన ఆగలేదు. నన్ను దాటి నీటి అంచుదాకా వెళ్లి, అటు తిరిగి నిలబడ్డాడు. పిలిచే మొహం నాకు లేదు. కమిటీ నన్ను ఉంచుతుందో పంపేస్తుందో తెలియదు. ఏది చేసినా సరే. ఆయన ఆ గేటు తీయలేదని ఇప్పుడు అందరికీ తెలుసు. అది ఎంత తేలిగ్గా ఉందో మీకెలా చెప్పను.