చుట్టాలు లేని ఊరు

మా సార్ పోయారన్న మాట డుంబ్రిగుడ సంతలో అల్లం అమ్ముకునే పిన్ని నోట విన్నాను. "మీ కాఫీ సారు పోయారటే, గుండెపోటంట" అంది. చేతిలో సంచీ ఆమె దగ్గరే వదిలేసి అరకు జీపెక్కాను.

ఆయన పార్వతీపురం మనిషి. బ్యాంకులో రిటైరయ్యాక అరకులో ఓ గది తీసుకుని, ఆదివారాలు మా కాలేజీ పిల్లలకు ఉద్యోగాల గురించీ వ్యాపారం గురించీ చెప్పేవారు. జీతం లేదు, బోర్డూ లేదు. ఆయన బెంగల్లా ఒక్కటే: ఇంటర్ కాగానే ఆడపిల్లలు రొయ్యల కంపెనీ వ్యానెక్కి కోస్తాకి కూలిపనికి పోతారని. వ్యాను వస్తుందని తెలిస్తే ముందే కొండెక్కి ఆ పిల్ల ఇంటికి వెళ్ళేవారు. పెట్టిన అంబలి తాగి, తండ్రి మెత్తబడేదాకా కదిలేవారు కాదు. మా నాన్నా అలాగే మెత్తబడ్డాడు.

పెద్దయ్యాక ఏమవుతావని అందరూ అడుగుతారు. ఆయన "మీ ఇంట్లో ఏటి పండుద్ది?" అని అడిగారు. కాఫీ అన్నాం. అయితే దాన్నే పొడి కొట్టి అమ్మమన్నారు. సంతలో కొట్టు పెట్టాం. వచ్చిన ప్రతివాళ్ళూ మామో, బావో, పెద్దమ్మో. మా గిరిజనుల్లో చుట్టం దగ్గర డబ్బు పుచ్చుకోవడం తప్పు. మధ్యాహ్నానికి పొట్లాలన్నీ అయిపోయాయి, డబ్బుల డబ్బా మాత్రం ఖాళీ. సార్ తల పట్టుకుని, "మీకు సుట్టాలు నేని ఊరు ఒక్కటి సెప్పండర్రా" అన్నారు. తన ఊరు పార్వతీపురం తీసుకెళితే అక్కడా ఒక మామ దొరికాడు. ఆఖరికి ఆయనే దారి చూపించారు. కొట్టు పక్కన పొయ్యి పెట్టించి, చుట్టానికి గ్లాసుడు కాఫీ ఊరికే ఇవ్వమన్నారు; పొట్లం మాత్రం ఎవరైనా కొనాల్సిందే. మర్యాదా దక్కింది, కొట్టూ నిలిచింది. దాని మీదే నేను డిగ్రీ చదివాను, ఇప్పటికీ అదే నా బతుకు.

"ఉజ్జోగం దొరికితే సెయ్యండి. దొరక్కపోతే ఊరికే కూకోకండి, ఏదో ఒకటి పెట్టండి" అనేవారు. కోపం ముక్కుమీదే ఉండేది. ఆలస్యమైతే "బేగి రావడానికి ఏటి రోగం?" అని కసిరి, కాసేపటికి తానే బిస్కెట్లు పంచేవారు. ఆయాసపడుతున్నారు, ఆసుపత్రికి వెళ్ళండి సార్ అంటే, మీ పరీక్షలు అయిపోనీ అనేవారు.

ఆయన పోయాక ఆ పాఠాలు నేను చెప్పబోయాను. కొద్దిమందే వచ్చారు, తర్వాత వాళ్ళూ మానేశారు. ఆయన మాటకున్న బరువు నా మాటకు లేదు. ఇన్ని బతుకులు ఒక్క ముసలాయన మీద నిలబెట్టుకున్నామా అని భయమేస్తోంది. ఇంకెవరో వస్తారన్న ఆశ నాకు లేదు.

మొన్న వ్యాను వచ్చింది. తేనె వ్యాపారం పెడతానని సార్‌తో చెప్పిన ఇంటర్ సెకండియర్ పిల్ల ట్రంకుపెట్టెతో నిలబడి ఉంది. వాళ్ళ నాన్నను బతిమాలాను.

"పంపనని ఆ సారుకి మాటిచ్చానమ్మా. ఇప్పుడు ఆయనే నేరు కదా" అన్నాడు.

ఆ పిల్ల నా వైపు చూడకుండా, "ఏటి సేత్తామక్కా" అని ఎక్కేసింది. ఒంటి మీద కాలేజీ యూనిఫారం. ప్రయాణానికి వేసుకోదగ్గ మంచి బట్టలు ఆ పిల్లకు అవే మరి.